బుకర్ వాషింగ్టన్ మహాశయుని జీవితము

ఉన్నతవంశమున జన్మించి, ధనబలమును బంధుబలమును గలవారు లోకమున ప్రసిద్ధులగుట వింత కాదు. కన్నతండ్రి యెవరో యెఱుగక, పుట్టినదినమెన్నడో తెలియక, ఒకరి సొత్తుగా లెక్కింపబడిన బాలుడు వేలకొలది బాలబాలికలకు విద్యాదాత యగుట వింత. అట్టివాడు అమెరికా సంయుక్తరాష్ట్రములందలి నల్లజాతివారికి ఇరువదియేండ్లు నాయకుడై వెలసిన బుకర్ వాషింగ్టన్ మహాశయుడు. ఏటేట చందాలు ప్రోగుచేసి విద్యార్థుల వసతికిని వేతనములకును వినియోగించు మనవంటి సంఘములవారు ఈయన చరిత్రము తప్పక తెలిసికొనదగియున్నది. ఆయన సాధించిన కార్యమునేగాక, అందులకై ఆయన చెల్లించిన మూల్యమును గూడ తెలిసికొనవలయును.

బుకర్ 1856వ సంవత్సరమున వర్జీనియా రాష్ట్రమందలి ఫ్రాంక్లిన్ కౌంటీలో బరోస్ అను శ్వేతజాతీయుని పొగాకుక్షేత్రమున జన్మించెను. తల్లి జేన్ ఆ యింటి వంటకత్తె. వంటచేయు గుడిసెయే వారి నివాసము. మంచము లేదు; మట్టినేలపై పఱచిన చింకిపాతలే పడక. 1861లో యజమానుడు మృతినొందగా, అతని ఆస్తిపట్టికలో ఈ బాలుడు 400 డాలర్ల వెలగల సొత్తుగా వ్రాయబడెను. యజమానుని యింటి బాలిక పుస్తకములు మోసికొని పాఠశాల వాకిటివఱకు పోవుటకు ఆతనికి అనుజ్ఞ కలదు. లోపల అడుగుపెట్టుటకు లేదు. ఆ వాకిటి యావలనున్నది స్వర్గమని ఆ పసివాడు తలంచెను.

1865లో అంతర్యుద్ధము ముగిసి దాస్యవిమోచనము కలిగెను. పిదప తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని పశ్చిమ వర్జీనియాలోని మాల్డెన్ అను ఊర ఉప్పుబట్టీలయందు పనిచేయు భర్తను చేరెను. బుకర్ ఆ బట్టీలలో కూలివాడయ్యెను. సవతితండ్రి నింపిన పీపాలపై గుర్తుగా వేయబడు 18 అను అంకెయే ఆతడు మొదట నేర్చిన అక్షరము. తల్లి యెట్లో సంపాదించి తెచ్చిన వర్ణక్రమపుస్తకమే ఆతని మొదటి గ్రంథము. తెల్లవాఱక పూర్వమే పనికి పోయి, తొమ్మిదిగంటలకు బడికి పరుగిడి, బడి విడిచినపిమ్మట మరల పనికి పోవుచుండెను. బడిలో పేరు లడుగుచుండగా తక్కినవారి కెల్లరకు ఇంటిపేరు కలదనియు, తనకు లేదనియు గ్రహించి, తన వంతు వచ్చుసరికి వాషింగ్టన్ అని తానే యొక యింటిపేరు కల్పించుకొనెను. తరతరముల ఇంటిపేరులు, గోత్రములు గలవారమైన మన మీ సంగతి నొకింత యోజింపవలయును.

హాంప్టన్ అనుచోట నల్లజాతివారికి గొప్ప విద్యాలయ మొకటి కలదని గనిలో కూలివారు మాటలాడుకొనగా విని, 1872లో ఆతడు ప్రయాణమయ్యెను. దూరము రమారమి అయిదువందల మైళ్లు. దారిబత్తెము చాలక కొంతదూరము నడచి, రిచ్మండ్ నగరమున పలకలబాట క్రింద దూఱి నిద్రించి, పగలు ఓడసరకు దింపి నాలుగు కాసులు గడించి, తుదకు అర్ధడాలరు చేతబట్టుకొని విద్యాలయము చేరెను. అచటి ప్రధానాధ్యాపకురాలు మలినవస్త్రములతోనున్న ఆ బాలుని చూచి, చదువు పరీక్షింపక, ఒక గది యూడ్వుమని చెప్పెను. ఆతడు ముమ్మాఱు ఊడ్చి, నాలుగుమాఱులు దుమ్ము తుడిచెను. ఆమె చేతిరుమాలుతో బల్లలను రాచి చూచి, ధూళి యించుకంతయు కానరామిచే ఆతనిని చేర్చుకొనెను. అచటనే ఊడిగము చేయుచు భోజనవ్యయమును తీర్చుకొని 1875లో ఆతడు పట్టము పొందెను.

1881లో అలబామా రాష్ట్రమున టస్కీగీ అను చిన్నపట్టణమున నల్లజాతి ఉపాధ్యాయులను తయారుచేయు పాఠశాలకు అధిపతి కావలసియుండెను. హాంప్టన్ అధ్యక్షుడగు ఆర్మ్‌స్ట్రాంగ్ సేనాని వాషింగ్టనును పంపెను. రాష్ట్రము ఏటికి 2000 డాలర్లు జీతములకై యిచ్చును. భూమి లేదు, భవనము లేదు. జూలై 4వ తేదీని ముప్పదిమంది శిష్యులతో ఒక శిథిలగృహమున బడి యారంభమయ్యెను. వాన కురిసినప్పుడు ఒక శిష్యుడు గొడుగు పట్టగా ఉపాధ్యాయుడు పాఠము చెప్పెను. అప్పుచేసి ఒక పాడువడిన క్షేత్రమును కొని, గుఱ్ఱపుసాలను కోళ్లగూటిని బాగుచేసి తరగతులు నడపెను. ఇటుకల నిమిత్తము వేసిన ఆవము మొదటిమాఱు చెడెను, రెండవమాఱు చెడెను, మూడవమాఱును చెడెను. అప్పు డాతడు తన గడియారమును పదునైదు డాలర్లకు కుదువబెట్టి నాలుగవ ఆవము వేయించెను. ఆ ఆవము పండెను. గడియారము మాత్రము మరల చేతికి రాలేదు. ఆ యిటుకలు కొనుటకు వచ్చిన శ్వేతజాతీయులు క్రమముగా పాఠశాలకు మిత్రులైరి. 1896లో వ్యవసాయశాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అచట అధ్యాపకుడుగా చేరెను. 1915 నాటికి విద్యార్థులు పదునైదువందలకు మించిరి; మూలధనము రమారమి ఇరువదిలక్షల డాలర్లయ్యెను.

ఇక ఆయన రాజనీతిని గూర్చి చెప్పవలయును. 1895 సెప్టెంబరులో అట్లాంటా ప్రదర్శనమున ఆయన చేసిన ఉపన్యాసము దేశమంతట మాఱుమ్రోగెను. తన జాతివారు మొదట చేతిపనులు నేర్చి ఆస్తి గడింపవలయుననియు, రాజకీయపుహక్కులకును సాంఘికసమానత్వమునకును తొందరపడగూడదనియు అందలి సారము. శ్వేతజాతీయులు హర్షధ్వానములు చేసిరి. కాని వారు హర్షించి యూరకుండలేదు. మఱుసటియేడు ప్లెసీ వ్యాజ్యమున ఉన్నతన్యాయస్థానము జాతుల వేర్పాటును చట్టసమ్మత మనెను. 1901లో అలబామావారు క్రొత్త రాజ్యాంగము వ్రాసికొని, ఓటుహక్కు గలుగదగిన లక్షయెనుబదివేలకు పైగా నల్లజాతి పురుషులలో రమారమి మూడువేలమందికి మాత్రమే ఆ హక్కు మిగిల్చిరి. ఆ యేడే అక్టోబరు 16వ తేదీని అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వాషింగ్టనును తన భవనమున విందునకు పిలువగా, దక్షిణరాష్ట్రముల పత్రికలు మండిపడెను. ఓటు తీసివేసినవారు సహపంక్తిభోజనమును సహింపలేకపోయిరి.

హార్వర్డు పట్టభద్రుడగు డుబాయిస్ పండితుడు 1903లో ప్రకటించిన గ్రంథమున ఈ నీతిని విమర్శించెను. హక్కులు లేనివాడు సంపాదించిన ఆస్తిని నిలుపుకొనలేడనియు, ఉన్నతవిద్యను మాని చేతిపనులతో తృప్తిపడుట జాతికి చేటనియు ఆయన వాదము. 1905లో నయాగరా ఉద్యమమును, 1909లో నల్లజాతివారి హక్కులకై జాతీయసంఘమును ఆ మార్గమున వెలసినవే. వాషింగ్టన్ ఈ విమర్శను ఓర్వలేదు. తన పలుకుబడిచే పత్రికలను వశపఱచుకొనెను. ఆ యుద్యమమున వేగులవారిని సైతము పెట్టెను. మహాపురుషుని చరిత్రము వ్రాయువాడు ఈ దోషమును మఱుగుపఱుపగూడదు.

కాని ఆయన మరణానంతరము ఆయన లేఖలను పరిశీలించినవారికి మఱియొక సంగతి తెలియవచ్చెను. అలబామా రాజ్యాంగముపై జాక్సన్ గైల్స్ అను నల్లజాతీయుడు నడపిన వ్యాజ్యములకు రహస్యముగా ధనమిచ్చినవాడు ఈ వాషింగ్టనే. ఆ యుత్తరప్రత్యుత్తరములు మాఱుపేర్లతో జరిగెను. 1903, 1904 సంవత్సరములలో ఆ వ్యాజ్యములు ఉన్నతన్యాయస్థానమున ఓడిపోయెను. విచారణ లేకయే నల్లవారిని గుంపులు ఉరిదీయుచున్న ఆ దినములలో, తాను బహిరంగముగా నోరు తెఱచినచో విద్యాలయము నిలువదని ఆయన భయము. ఆ భయము నిరాధారము కాదు. అయినను ఆయన మౌనమును సమ్మతిగా చాటుకొన్నవారును గలరు.

1912లో చికాగో వర్తకుడు జూలియస్ రోజెన్‌వాల్డ్ ఇచ్చిన ధనమున కొంతభాగముతో టస్కీగీ చుట్టుపట్ల పల్లెలలో ఆఱు చిన్నబడులు కట్టబడెను. దాత కొంత యిచ్చును. తక్కినదానికై గ్రామస్థులు ధనమో భూమియో శ్రమయో సమకూర్పవలయును. ఈ పద్ధతిని 1932 నాటికి పదునైదు రాష్ట్రములలో రమారమి అయిదువేల బడులు వెలసెను. ఆ వృద్ధిని చూచు భాగ్యము వాషింగ్టనునకు లేకపోయెను. 1915లో న్యూయార్కున తీవ్రముగా జబ్బుపడి, తాను పెంచిన విద్యాలయముననే ప్రాణము విడువగోరి రైలెక్కి, టస్కీగీ చేరిన కొలదిగంటలకే నవంబరు 14వ తేదీని పరమపదించెను. ఆ యావరణమందే ఆయన సమాధి కలదు.

కథ అంతటితో ముగియలేదు. 1957లో అలబామా శాసనసభవారు టస్కీగీ పట్టణపు ఎల్లలను ఇరువదియెనిమిది భుజముల వికారాకృతిగా మార్చి, ఓటుగల నల్లవారిని నలుగురైదుగురిని తప్ప తక్కినవారినందఱను వెలుపలికి నెట్టిరి. దానిపై వ్యాజ్యము తెచ్చినవాడు చార్లెస్ గోమిలియన్. అదే విద్యాలయమున ఆచార్యుడు. ఈమాఱు మాఱుపేరు లేదు, రహస్యము లేదు. 1960లో ఉన్నతన్యాయస్థానము ఏకగ్రీవముగా ఆయన పక్షమున తీర్పు చెప్పెను. స్థాపకుడు చాటుగా ధనమిచ్చి ఓడిన వివాదమును ఆయన కట్టిన యింటినుండియే బయలుదేఱి మఱియొకడు బహిరంగముగా గెలిచెను.

కావున వాషింగ్టన్ పక్షమా, డుబాయిస్ పక్షమా యని తర్కించువారు ఈ రెండవ కథను గూడ జ్ఞప్తియందుంచుకొనవలయును. బడి లేనిదే గోమిలియన్ లేడు. గోమిలియన్ నోరు తెఱువనిదే ఆ యూరివారికి ఓటు లేదు. ఉపాధ్యాయవృత్తిలో జీవితము గడపిన నాకు ఇటుకల ఆవముకొఱకు గడియారమును కుదువబెట్టినవాడు మిక్కిలి పూజ్యుడు. సంఘపు పెద్దలు ఆయనవలె వసతిగృహములు కట్టింతురుగాక. ఆ గృహములలో చదివిన పిల్లలు పెద్దలు పలుకలేని మాట పలికినప్పుడు, వారి నోరు మూయింపకుందురుగాక.