చెప్పులు కుట్టే ఇంటి నుంచి లోకం మెచ్చిన కథల దాకా: హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్

పదో తరగతి తెలుగు పరీక్షలో ఒక వాక్యం ఇచ్చి అందులోని అలంకారాన్ని గుర్తించమంటారు. వలె, లాగా అని కనబడితే ఉపమ అని రాసి మార్కు తెచ్చుకుంటాం. ఆ పోలిక ఆ రచయితకు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు, మనమూ ఆలోచించం. తన బ్రతుకులో నుంచే పోలికలు తీసి లోకమంతటి పిల్లలకు కథలు చెప్పిన మహారచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్. ఆయన జీవితం మన హాస్టల్ సంచికలో ఉండాలని మేము కోరుకోవడానికి కారణం అదే.

ఆండర్సన్ 1805 ఏప్రిల్ 2న డెన్మార్క్ దేశంలోని ఒడెన్స్ పట్టణంలో జన్మించారు. తండ్రి చెప్పులు కుట్టేవారు. తల్లి ఇతరుల బట్టలు ఉతికేది. తండ్రి పని, బిడ్డ ఆట, అందరి పడక అంతా ఒకే గదిలో. తండ్రికి చదువంటే ప్రాణం. సాయంత్రం పూట కొడుక్కి అరేబియన్ నైట్స్ కథలు చదివి వినిపించేవారు. ఆడుకోవడానికి ఒక చిన్న బొమ్మల నాటకశాల కూడా చేసి ఇచ్చారు. తల్లికి చదువు రాదనే చెప్పాలి. కాని ఆమె నోట ఎన్నో పాత నమ్మకాలు, సామెతలు ఉండేవి. నాయనమ్మ ఒక ఆసుపత్రి తోటలో పనిచేసేది. అక్కడ నూలు వడికే ముసలమ్మలు చెప్పుకునే కథలు వింటూ ఆ పిల్లవాడు గంటలు గడిపేవాడు.

ఒక చలికాలం వారి కిటికీ అద్దం మీద మంచు పేరుకుంది. ఆ మంచు గీతల్లో చేతులు చాచిన స్త్రీ ఆకారం కనబడుతోందని తండ్రి సరదాగా కొడుక్కి చూపించారు. ఆ తండ్రి 1816లో చనిపోయారు. ఆ మంచుకన్యే వచ్చి ఆయనను తీసుకుపోయిందని తల్లి అన్నది. మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. మంచు గీతను స్త్రీగా ఊహించడం ఉత్ప్రేక్ష. చావునే మంచుకన్య అనేయడం రూపకం. ఈ రెండూ ఏ లక్షణ గ్రంథంలోనూ చూసి చెప్పినవి కావు. ఒకటి చెప్పులు కుట్టే మనిషి ఊహ, ఇంకొకటి చదువురాని ఇల్లాలి దుఃఖం. 1844లో ఆండర్సన్ రాసిన మంచురాణి కథ వెనుక ఆ కిటికీ అద్దం ఉంది.

14 ఏళ్ళ వయసులో, 1819లో, ఆయన ఒంటరిగా రాజధాని కోపెన్‌హాగెన్ చేరారు. నటుడు కావాలని కోరిక. గొంతు మారిపోయి పాట పోయింది, నాట్యం అబ్బలేదు, చాలా రోజులు ఆకలితో గడిచాయి. రాజ నాటకశాల అధికారుల్లో ఒకరైన యోనాస్ కొలిన్ ఈ కుర్రవాడిలో ఏదో ఉందని గుర్తించి, రాజుగారి ధనసహాయంతో 1822లో స్లాగెల్స్ అనే ఊరి బడిలో చేర్పించారు. ఒక విధంగా ఆయన కూడా మనలాగే ప్రభుత్వ సహాయంతో చదువుకున్నవారే. 17 ఏళ్ళ పొడగరి అబ్బాయి తనకన్నా ఎంతో చిన్న పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. ప్రధానోపాధ్యాయుడు మైస్లింగ్ అందరి ముందూ ఎగతాళి చేసేవారు, కవిత్వం రాయకూడదని ఆంక్ష పెట్టారు. ఆ రోజులు తన జీవితంలోకెల్లా చీకటి రోజులని ఆండర్సన్ తర్వాత చెప్పుకున్నారు. అయినా చదువు వదలలేదు. 1828లో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష నెగ్గారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ మెట్టు ఎక్కిన మాలాంటి వాళ్ళకు ఆ బెంచీ మీద కూర్చోవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

1835లో పిల్లల కోసం ఆయన మొదటి కథల పుస్తకం వచ్చింది. చిన్న పుస్తకం, నాలుగే కథలు. ఇంట్లో పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పినట్టుగా రాశారు. కొందరు విమర్శకులు మెచ్చలేదు. మాట్లాడే భాషను అచ్చులో పెట్టడమేమిటన్నారు, నీతి లేదన్నారు. ఆయన తన పద్ధతి మార్చుకోలేదు. విమర్శకుల పేర్లు ఈనాడు ఎవరికీ గుర్తులేవు. ఆ కథలు మాత్రం ప్రపంచంలోని ఎన్నో భాషల్లోకి వెళ్ళాయి.

1844 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ ముందు వచ్చిన ఫర్ చెట్టు కథ చూద్దాం. అడవిలో ఒక చిన్న ఫర్ చెట్టు. ఎప్పుడు పెద్దవుతానా అని దానికి ఒకటే ఆరాటం. కుందేలు తన మీదుగా దూకితే దానికి అవమానం! చెట్టుకు మనసు పెట్టడంలోనే కథ ప్రాణమంతా ఉంది. మనకు తలనొప్పి ఎలాగో ఆ చెట్టుకు బెరడు నొప్పి అలాగట. ఇది ఉపమ. క్రిస్మస్ పండుగకు దాన్ని నరికి తెచ్చి, ఇసుక తొట్టెలో నిలబెట్టి, వందకు పైగా ఎరుపు, నీలం, తెలుపు కొవ్వొత్తులు, కొన మీద బంగారు నక్షత్రం పెడతారు. ఉన్నది ఉన్నట్టు కళ్ళకు కట్టే ఈ వర్ణన స్వభావోక్తి. వేలాడదీసిన బంగారుపూత ఆపిల్ పండ్లు ఆ కొమ్మకే కాశాయా అనిపించడం ఉత్ప్రేక్ష. మరునాడు చెట్టును అటక మీద పడేస్తారు. చివరికి ముక్కలు చేసి పొయ్యిలో పెడతారు. కట్టె చిటపటమన్న ప్రతిసారీ అది చెట్టు నిట్టూర్పే. కట్టెల పొయ్యి ముందు కూర్చున్నవారికి తెలిసిన చప్పుడే అది. దాన్ని నిట్టూర్పుగా విన్నది ఆండర్సన్.

1845లో అగ్గిపుల్లల పిల్ల కథ వచ్చింది. ఏడాది చివరి రాత్రి, మంచులో కాళ్ళకు చెప్పులు లేని పిల్ల. పుల్ల గీస్తే ఆ వెలుగులో క్రిస్మస్ చెట్టు కనబడుతుంది. దాని దీపాలు పైకి పైకి పోయి నక్షత్రాలవుతాయి. తెల్లవారేసరికి ఆ పిల్ల చలికి చనిపోయి ఉంటుంది. ఆండర్సన్ తల్లిని చిన్నప్పుడు ఆమె పెద్దవాళ్ళు బిచ్చానికి పంపేవారు. ఆ బాధ ఈ కథలో ఉంది. ఆ తల్లి 1833లో ఒడెన్స్ లోని అనాథ వృద్ధుల ఇంట్లో చనిపోయేనాటికి కొడుకు దూరాన ఇటలీలో ఉన్నారు. 1852లో ఆయన ఒక చాకలి స్త్రీ కథ రాశారు. గడ్డకట్టే నీళ్ళలో నిలబడి బట్టలుతుకుతూ, చలికి ఆగలేక కాస్త మద్యం తాగే ఆమెను ఊరి పెద్ద పనికిమాలినదంటాడు. ఆ నింద తప్పని కథ చెబుతుంది. కొడుకు తల్లికి చెల్లించిన ఋణం అది.

1867లో ఒడెన్స్ పట్టణం ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చి, కాగడాల ఊరేగింపుతో సత్కరించింది. 1875 ఆగస్టు 4న ఆయన కన్నుమూశారు. 150కి పైగా కథలు మిగిల్చి వెళ్ళారు. 1967 నుంచి ఆయన పుట్టినరోజును అంతర్జాతీయ బాలల పుస్తక దినంగా జరుపుకుంటున్నారు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఎండ నిప్పులు చెరుగుతోందని మన అమ్మలు అంటారు. చేటతో గింజలు చెరిగిన చేతులకు తప్ప ఇంకెవరికి తడుతుంది ఆ మాట? పరీక్షలో అలంకారం గుర్తించండి, మార్కులు తెచ్చుకోండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం అమ్మ మాట, నాయనమ్మ మాట చెవిపెట్టి వినండి. విన్నది నోటుపుస్తకంలో రాసుకోండి. మన యాస చూసి ఎవరైనా నవ్వితే సిగ్గుపడకండి. ఆండర్సన్ భాషను చూసి కూడా ఒకప్పుడు నవ్వారు.