ఎల్లాప్రగడ సుబ్బారావు: కణంలోని పంజరాన్ని కదిలించే ఇంధనం మన తెలుగాయన పట్టుకున్నదే!

మైపాడు తీరంలో వలలోంచి దులిపిన చేప కాసేపటికి కట్టెలా బిగుసుకుపోతుంది. కారణం.. దాని కండరాల్లో ఏటీపీ అనే ఇంధనం అయిపోవడమే. ఆ ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసిన వారిలో డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాస్ మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. కొన్నాళ్లు ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పి, భార్యను ఇక్కడే ఉంచి అమెరికా వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని తెచ్చారు. ఆ కొలతే దారి చూపింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, మరో రెండేళ్లకు ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు.

ఇంతకీ ఈ ఏటీపీ చేసే పనేంటి? కణం అంటే నీళ్లు నింపిన సంచి కాదు. లోపల ప్రోటీన్ దారాలు, గొట్టాలతో అల్లిన సైటోస్కెలిటన్ అనే పంజరం ఉంటుంది. కణానికి ఆకారమిచ్చేది, సరుకు రవాణాకు పట్టాలు పరిచేది, కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో వైపు లాగేది అదే. ఎముకల గూడులా స్థిరంగా ఉండదు, ఊడుతూ మళ్లీ అల్లుకుంటూ ఉంటుంది. కండరంలో ఈ యాక్టిన్ దారాలను మయోసిన్ పట్టి లాగుతుంది. పట్టు వదిలి ముందుకెళ్లాలంటే ఏటీపీ కావాల్సిందే. అది లేకపోతే పట్టు వీడదు.. చేప బిగుసుకునేది అందుకే.

మయోసిన్ ఏటీపీని ఖర్చు చేస్తుందని 1939లో సోవియట్ శాస్త్రవేత్తలు చూపించారు. కణంలోని పట్టాలపై సరుకు మోసే కైనెసిన్ 1985లో దొరికింది. అది చూడ్డానికి సుబ్బారావు లేరు.

హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వకపోవడంతో 1940లో లెడర్లీ ల్యాబ్‌కు మారారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్.. అన్నీ అక్కడ ఆయన బృందం పనే. ఇంత చేసినా బయాలజీ పుస్తకంలో ఏటీపీ పక్కన ఆయన పేరు కనిపించడం అరుదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే.

కోస్తా జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆ ల్యాబ్ నుంచి వచ్చిందే.