వాన లెక్కలు కట్టిన మహనీయుడు - సర్ గిల్బర్టు వాకర్

ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్నప్పుడు మనవారు అన్నిటికంటె చెవియొగ్గి వినేది వర్షఫలము. ఈ యేట మేఘాధిపతి ఎవరు, సస్యాధిపతి ఎవరు, వాన ఎన్ని కుంచములు, అందులో సముద్రానికెంత, కొండలకెంత, నేలకెంత అని సిద్ధాంతిగారు చదువుతూ ఉంటే భూమి ఉన్నవారూ లేనివారూ కూడ ఊపిరి బిగబట్టి వింటారు. రాబోయే యేటి వాన ముందుగా తెలుసుకోవాలనే ఆరాటం మనకు తాతలనాటిది. ఆ ఆరాటానికే తన జీవితంలో ఇరవై యేండ్లు ధారపోసి, వేరొక త్రోవను లెక్కలు కట్టిన ఒక శాస్త్రజ్ఞుని చరిత్ర మన సంఘసభ్యుల ముందుంచడానికి ఈ పండుగ సంచికకంటె తగిన తావు లేదు. ఆయన మనదేశస్థుడు కాడు. కాని ఆయనను పనికి పురికొల్పినవి మన కరువులే.

ముందుగా ఆ కరువుల సంగతి చెప్పుకోవాలి. 1876వ సంవత్సరము, ధాత. ఆ యేట వానలు ముఖం చాటువేశాయి. మనవారు దానిని ధాతకరువు అన్నారు; మన ఇరుగుపొరుగు తమిళ సోదరులు తాదు వరుష పంజం అన్నారు. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు మొదలుకొని సేలం, కోయంబత్తూరుల దాకా పొలాలు బీళ్ళుపడినాయి. 1878 వరకు సాగిన ఆ క్షామంలో దేశమంతటా కలిపి యాభై లక్షలకు మించి జనం మరణించారు. అంతకు ముందు సంవత్సరమే, అనగా 1875లో, ఇండియా ప్రభుత్వమువారు వాతావరణ శాఖను నెలకొల్పి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దొరను దానికి అధికారిగా నియమించారు. హిమాలయాల మీద చలికాలంలో మంచు ఎక్కువగా పడిన యేట తరువాతి నైఋతి ఋతుపవనము బలహీనపడుతుందని ఆయన గ్రహించి, 1886 నుండి ఏటేటా వర్షసూచన ప్రకటించసాగారు. ఆయన తరువాత వచ్చిన సర్ జాన్ ఎలియట్ ఆ సూచనలను ఇంకా విస్తరించారు. 1899లో వానలు బాగుంటవని ఆయన సూచించగా, ఆ యేడే ఋతుపవనము ఘోరంగా తప్పిపోయి మరొక మహాక్షామం దాపురించింది. నమ్మకం పోగొట్టుకొన్న ఆ ఆసనం మీదికి పిలుపు వచ్చినవారే గిల్బర్టు వాకర్.

గిల్బర్టు థామస్ వాకర్ 1868వ సంవత్సరం జూన్ 14వ తేదీన ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో జన్మించారు. తండ్రి ఇంజనీరు. లండనులోని సెంటు పాల్స్ పాఠశాలలో చదివి, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరి, 1889లో గణితశాస్త్రంలో అందరికంటె ప్రథమునిగా, సీనియర్ రాంగ్లరుగా ఉత్తీర్ణులైనారు. అతి శ్రమవలన మరుసటి యేడే ఆరోగ్యం చెడి, చలికాలాలు స్విట్జర్లండులో గడపవలసి వచ్చింది. ఆస్ట్రేలియా ఆదిమవాసులు విసిరే వంకరకర్ర, బూమరాంగ్, విసిరినవాని చేతికే ఎందుకు తిరిగి వస్తుందో గణితంతో వివరించి, తానే కళాశాల వెనుక మైదానంలో దానిని విసిరి చూపేవారు. స్నేహితులు ఆయనను బూమరాంగ్ వాకర్ అని పిలిచేవారు. వేణువు అంటే ప్రీతి. దాని నిర్మాణాన్ని కూడ లెక్కలతో పరిశీలించారు. ఇటువంటివాడు వాతావరణశాస్త్రం చదివినవాడు కాడు. అయినా 1903లో మనదేశానికి రప్పించి, 1904 జనవరిలో అబ్జర్వేటరీల డైరెక్టర్ జనరల్ పదవి ఆయన చేతిలో పెట్టారు. అప్పుడాయన వయస్సు 35 సంవత్సరాలు.

వాకర్ సిమ్లాలోని కచేరీలో కూర్చుని మొదట చేసిన పని, తెలియనిది తెలియదని ఒప్పుకోవడం. గాలి కదలికలకు కారణాలు ఊహించి సిద్ధాంతాలు అల్లడానికి బదులు, ప్రపంచమంతటా ఉన్న అబ్జర్వేటరీలనుండి వాయుభారము, ఉష్ణోగ్రత, వర్షపాతము తెప్పించి, ఏ దేశపు అంకెలు మన వానలతో జతకూడి నడుస్తున్నవో పరిశీలించసాగారు. నేడు యంత్రం క్షణంలో చేసే ఆ లెక్కలను ఆనాడు మనదేశపు గుమాస్తాలే కాగితాల మీద, చేతితో, ఏండ్ల తరబడి కట్టారు. వారి పేర్లు ఎక్కువమందికి తెలియవు గాని, ఆ కీర్తిలో వారికీ భాగం ఉన్నది.

1910 నాటికి వాకర్ నాలుగు గుర్తులను ఏరుకొన్నారు: హిమాలయాల మంచు, దక్షిణ అమెరికా వాయుభారము, జాంజిబారు వాన, మారిషస్ దీవి వాయుభారము. ఈ మారిషస్ మనకు పరాయిది కాదు. చెరకుతోటల కూలికి మన తెలుగువారు వెళ్ళి స్థిరపడి నేటికీ ఉగాది జరుపుకొనే దీవి అది. అక్కడ 1851లోనే చార్లెస్ మెల్డ్రమ్ అనే పంతులుగారు వాతావరణ సంఘం స్థాపించి, రేవుకు వచ్చిన ఓడల చిట్టాలనుండి హిందూ మహాసముద్రపు గాలులను, తుపానులను వ్రాసి పెట్టుకొంటూ వచ్చారు. నడిసముద్రంలో నాలుగు వైపుల నీరే తప్ప మరేమీ లేనిచోట ఒక దీవి మీద ఓపికగా చదివిన బారోమీటరు అంకె, వేల మైళ్ళ అవతల మన రైతుకు పనికివచ్చింది.

వాకర్ జీవితంలో తమిళనాట జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. 1913 ఫిబ్రవరిలో ఆయన మదరాసు వచ్చినప్పుడు, పోర్టుట్రస్టు అధిపతి సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ తన కచేరీలో నెలకు 30 రూపాయల జీతం మీద పనిచేస్తున్న గుమాస్తా వ్రాసుకొన్న గణితం ఆయనకు చూపించారు. ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్. ఆ శాఖ తన సొంత విద్య కాదని వాకర్ ఎరుగుదురు. అయినా రత్నాన్ని గుర్తించి, ఆ యువకుడు జీవనచింత లేకుండా గణితానికే అంకితం కాగలిగేటట్లు చూడవలసిందని విశ్వవిద్యాలయానికి వెంటనే జాబు వ్రాశారు. నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం రామానుజన్‌కు లభించింది. అంకెల విలువ ఎరిగినవాడు మనిషి విలువ కూడ ఎరిగినవాడని దీనివలన తేటపడుతున్నది.

అంకెలు రెండు జతకూడినంతనే సంబంధం ఉన్నట్లు కాదని వాకర్ గట్టిగా నమ్మారు. వందల జతలు వెదికితే కొన్ని కాకతాళీయంగా కలుస్తవి. వానిని ఏరి పారవేయడానికి 1914లో ఒక కొలబద్దను ప్రకటించారు. ఆ కాలంలో చాలమంది నమ్మిన సూర్యబింబపు మచ్చలకూ మన వానలకూ సంబంధం ఆ పరీక్షకు నిలువలేదు.

ఇట్లు వడకట్టగా మిగిలినది ఒక అద్భుతం. ఊరి బావి మీది ఏతాన్ని తలచుకొనండి. ఒక కొస లేస్తే రెండవ కొస దిగుతుంది. అదేవిధంగా పసిఫిక్ సముద్రం మీద వాయుభారము పెరిగిన కాలాన, ఆఫ్రికా మొదలు ఆస్ట్రేలియా వరకు హిందూ మహాసముద్రం మీద తగ్గుతున్నది. అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతున్నది. సగం భూగోళమంత పొడవు గల ఈ ఏతానికి ఆయన 1924లో దక్షిణ ఆందోళనము అని పేరు పెట్టారు. మన ఋతుపవనము దాని మీదనే ఊగుతున్నది.

ఆ యేడే ఆయన పదవి విరమించి, సర్ బిరుదు పొంది, స్వదేశానికి వెళ్ళి లండనులోని ఇంపీరియల్ కళాశాలలో ఆచార్యులై 1934 వరకు పనిచేశారు. కాని ఏతాన్ని త్రొక్కుతున్నది ఎవరు? ఈ ప్రశ్నకు ఆయనవద్ద జవాబు లేదు. జవాబు లేనందువలననే ఆనాటి పండితులు అనేకులు ఆ పనిని సంశయించారు. ఆయన సూచనలు కూడ ఆశించినంతగా ఫలించలేదు. 1958 నవంబరు 4వ తేదీన, తన తొంబదవ యేట, ఆయన కాలధర్మం చెందేనాటికి లోకం ఆ ఆందోళనాన్ని ఇంచుమించు మరచిపోయింది.

విధి విలాసమేమంటే, సరిగ్గా ఆ 1957-58లోనే జవాబు సముద్రం మీద లిఖితమవుతూ ఉన్నది. అది అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము. దేశదేశాల ఓడలు, దీవులు సముద్రపు వేడిని కొలుస్తున్నవి. పెరూ దేశపు జాలరులు క్రిస్మస్ దినాలలో వచ్చే వెచ్చని ప్రవాహానికి బాలయేసు పేరిట ఎల్ నినో అని పేరు పెట్టుకొన్నారు. ఆ యేడు అది బలంగా వచ్చింది. ఆ కొలతలను పరిశీలించిన జాకబ్ బ్యెర్క్‌నెస్ అనే శాస్త్రజ్ఞుడు 1969లో గుట్టు విప్పారు. మామూలుగా తూర్పుగాలి వెచ్చని నీటిని ఇండొనీషియా వైపు తోస్తుంది. గాలి బలహీనపడితే ఆ వేడినీరు తూర్పునకు మరలుతుంది. దాని వెంట మేఘాలూ మరలుతవి. గాలి మరింత బలహీనపడుతుంది. ఏతాన్ని త్రొక్కేది సముద్రమే. గాలి నిన్నటిది మరచిపోతుంది. సముద్రం నెలల తరబడి వేడిని జ్ఞాపకం పెట్టుకొంటుంది. అందుకే ముందుగా చెప్పడం సాధ్యం. బ్యెర్క్‌నెస్ ఆ గాలి చక్రానికి వాకర్ పేరే పెట్టి గురుఋణం తీర్చుకొన్నారు.

అప్పటికీ కొలతలు చాలలేదు. 1982-83లో మహా ఎల్ నినో వచ్చినా, అది ముదిరేవరకు పండితులు పోల్చుకోలేకపోయారు. ఆ గుణపాఠంతో 1985 నుండి పదేండ్లు పనిచేసి, పసిఫిక్ నడుమ భూమధ్యరేఖ పొడవునా సుమారు 70 తేలుబోయాలను లంగరు వేసి నిలిపారు. ఈ శతాబ్ది ఆరంభంనుండి హిందూ మహాసముద్రంలోనూ అట్టి బోయాలు నిలిచాయి. అదిగాక ఆర్గో అనే తేలుడు యంత్రాలు నాలుగు వేలకు దగ్గరగా అన్ని సముద్రాలలో మునుగుతూ తేలుతూ, పది దినాల కొకసారి రెండు వేల మీటర్ల లోతునుండి వేడిని, ఉప్పదనాన్ని కొలిచి ఉపగ్రహానికి అందిస్తున్నవి. మన దేశపు వాటా పని చూచే భారత జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రం 1999లో వెలసినది ఎక్కడనుకొన్నారు? సముద్రపు గాలి సోకని మన హైదరాబాదులో!

ఈ కొలతల అవసరం దీవులవారికి మరీ ఎక్కువ. మన తెలుగువారు కూలికి వెళ్ళిన ఫిజీ దీవులలో 1997-98 ఎల్ నినో వలన వానలు తప్పి చెరకుపంట దెబ్బతిన్నది. చుట్టూ నీరున్నా త్రాగడానికి వాననీటి మీద ఆధారపడే చిన్నదీవులకు నాలుగు నెలల ముందు వచ్చే హెచ్చరిక ప్రాణదానమే.

ఇక మన సేత్తూరు మాట. మన ఊరు పడమటి కనుమలకు తూర్పున, కొండ నీడలో ఉన్నది. నైఋతి వాన ఎక్కువపాలు కొండకు ఆవలనే కురిసిపోతుంది. ఐప్పసి, కార్తిక నెలల ఈశాన్య ఋతుపవనమే మన చెరువులు నింపాలి. ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటున్నది. ఎల్ నినో యేట తెలుగునాట నైఋతి వాన తరచు తగ్గుతుంది. అదే యేట తమిళనాట ఈశాన్య వాన తరచు పెరుగుతుంది. 2015లో తెలంగాణ, మరఠ్వాడా పొలాలు ఎండిపోగా, నవంబరు, డిసెంబరులలో చెన్నపట్నం నీట మునిగింది. ఒకే ఏతపు రెండు కొసలవలె, ఒక తెలుగు బంధువు ఇంట కరువూ మరొక తెలుగు బంధువు ఇంట వరదా ఒకే సముద్రం పంపినవే. కనుక అక్కడివారి కరువు వార్త విన్నప్పుడు మనం ఇక్కడ చెరువుగట్లు, కలుజులు, కాలువలు చూచుకోవడం వివేకం.

అయితే ఇది తప్పని శాసనం కాదు. 1997లో ఎల్ నినో మహాబలంగా ఉన్నా దేశంలో నైఋతి వాన మామూలుకంటె నూటికి రెండుపాళ్ళు ఎక్కువే కురిసింది. 2002లో మామూలు వానలని సూచించగా కరువు వచ్చింది. వాకర్ బ్రతికి ఉంటే ఆశ్చర్యపడేవారు కారు. ఎంతవరకు తెలుసునో అంతవరకే చెప్పి, మిగిలినది కొలిచి తెలుసుకోవాలన్నదే ఆయన మార్గము.

మన పిల్లలలో లెక్కలంటే భయపడేవారికి ఈ చరిత్ర చెప్పండి. వారిలో ఒకరైనా రేపు సముద్రపు అంకెలు చదివే ఉద్యోగానికి వెళ్ళి, మన చెరువు ఏ యేట నిండుతుందో ముందుగా చెప్పగలిగితే, సిమ్లా కచేరీలో దీపం వెలుతురున కూడికలు వేసిన ఆ పేరులేని గుమాస్తాల శ్రమ సఫలమవుతుంది. నూతన వత్సరమున సకాల వర్షములు కురిసి, అక్కడి మన బంధువుల పొలాలూ ఇక్కడి మన పొలాలూ పచ్చగా ఉండుగాక.