జీతము, జీవితము: చంద్రశేఖర వేంకట రామన్

కూటి కొరకు కోటి విద్యలని లోకోక్తి. విద్య ముగించిన యువకుడు జీవనోపాధిని వెదకికొనుట సహజము, ధర్మము కూడ. తల్లిదండ్రులను, ఆలుబిడ్డలను పోషింపవలసినవాడు ధనమును తృణీకరింపజాలడు. కాని ఉదరపోషణకై దొరకిన పని ఒకటియు, హృదయము కోరు పని వేరొకటియు నైనచో మానవుడేమి చేయవలెను? మొదటిదానికై రెండవదానిని చంపుకొనవలెనా? లేక రెండవదానికై మొదటిదానిని ఆ క్షణమే త్రోసివేయవలెనా? ఈ ప్రశ్నకు మాటలతో గాక, పది సంవత్సరముల నిత్యకృత్యముతో సమాధానము చెప్పిన మహనీయుడు సర్ చంద్రశేఖర వేంకట రామన్. ఆయన పొందిన నోబెల్ బహుమానమును ఎరుగనివారు లేరు. దానికి పూర్వము ఆయన జీతపురాళ్ల కొరకు చేసిన ఉద్యోగమును తలంచువారు తక్కువ.

రామన్ 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లికి చేరువనున్న తిరువానైక్కావలులో జన్మించెను. తండ్రి చంద్రశేఖర అయ్యరు. తల్లి పార్వతి అమ్మాళ్. ఎనమండుగురు సంతానములో ఆయన రెండవవాడు. ఆయనకు నాలుగేండ్ల ప్రాయమున తండ్రి విశాఖపట్టణమునందలి ఎ.వి.ఎన్. కళాశాలలో ఉపన్యాసకుడై చేరుటచే కుటుంబము అచటికి తరలెను. కనుక రామన్ బాల్యము తెలుగుసీమలో, సముద్రతీరమున గడచినది. ఆ యింట సిరిసంపదలు లేవు. పుస్తకములకును, సంగీతమునకును మాత్రము కొదవ లేదు. బాలుడు పదునొకండవ యేట మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. పిదప మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో బి.ఏ. పట్టమును ప్రథమస్థానములో పొంది, భౌతికశాస్త్రమున బంగారు పతకము గైకొనెను. 1906లో, ఇంకను విద్యార్థియై యుండగనే, కాంతిని గూర్చి ఆయన వ్రాసిన పరిశోధనాపత్రము ఇంగ్లండులోని ప్రసిద్ధ శాస్త్రపత్రికలో ప్రకటింపబడెను.

ఇట్టివానికి శాస్త్రపరిశోధనయే తగిన వృత్తియని ఎవరైనను చెప్పగలరు. కాని ఆనాటి భారతదేశమున ఆ వృత్తికి తావులు మిక్కిలి అరుదు. విదేశమునకేగి చదువుటకు దారి వెదకగా, మద్రాసు సివిల్ సర్జను ఆయన దేహమును పరీక్షించి, ఇంగ్లండు చలికి ఆ శరీరము తాళజాలదని నిర్ణయించెను. మిగిలినది ప్రభుత్వ ఆర్థికశాఖ. అన్నగారు త్రొక్కినదియు ఆ మార్గమే. 1907లో రామన్ ఎం.ఏ. ముగించి, ఆ శాఖవారి పోటీపరీక్షలో సర్వప్రథముడుగా నెగ్గెను. ఆ యేడే లోకసుందరిని వివాహమాడెను. జూను నెలలో అసిస్టెంటు అకౌంటెంటు జనరలుగా కలకత్తాలో ఉద్యోగమున ప్రవేశించెను. అప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లు నిండలేదు. గౌరవప్రదమైన పదవి, మంచి జీతము, కాలక్రమమున ఉన్నతాధికారము: మధ్యతరగతి కుటుంబములు కోరుకొను భాగ్యమంతయు ఆయనకు చేకూరెను. శాస్త్రమును మరచిపోవుటకు ఇంతకంటె అనుకూలమైన పరిస్థితి యుండదు.

రామన్ మరువలేదు. ఒకనాడు ట్రాములో పోవుచుండగా బౌబజారు వీధిలో ఒక నామఫలకము ఆయన కంటబడెను. అది భారతీయ విజ్ఞానసంవర్ధక సంఘము. భారతీయులు స్వయముగా శాస్త్రపరిశోధన సాగింపవలెనను సంకల్పముతో డాక్టరు మహేంద్రలాల్ సర్కారు 1876లో దానిని స్థాపించెను. 1904లో ఆయన కాలధర్మము నొందునాటికి ఆ ఆశయము ఈడేరలేదు. భవనము కలదు, పరికరములు కలవు. వానిని చేపట్టి శ్రమించువారు కరవైరి. రామన్ లోపలికేగి, పరిశోధనకు అనుమతి కోరెను. స్థాపకుని కుమారుడు, కార్యదర్శియు నగు అమృతలాల్ సర్కారు ఆయనను ఆనందముతో ఆహ్వానించెను.

ఆనాటినుండి రామన్ దినచర్య రెండు పాయలుగా సాగెను. వేకువనే ప్రయోగశాల, తొమ్మిదిన్నర దాటిన పిదప ఇంటికి వచ్చి, స్నానభోజనములు త్వరగా ముగించి కచేరీ, సాయంకాలము కచేరీనుండి తిన్నగా మరల ప్రయోగశాల, రాత్రి పొద్దుపోయిన తరువాత ఇల్లు. సంఘములో ఆయనకు జీతము లేదు. తోడ్పడుటకు అశుతోష్ డే అను సహాయకుడొకడుండెను. వీణ, వయొలిన్, మృదంగము మొదలగు వాద్యముల నాదరహస్యములను రామన్ ఈ కాలముననే పరిశోధింపసాగెను. 1909లో రంగూనునకును, 1910లో నాగపురమునకును బదిలీ యయ్యెను. అచట ప్రయోగశాల లేకున్నను ఇంటిలోనే పని సాగించెను. 1911లో కలకత్తా తిరిగివచ్చి, విడిచిన పనిని మరల చేపట్టెను.

ఇందు గమనింపవలసినది మరియొకటి కలదు. మనస్సు వేరొకచోటనున్నదను నెపముతో ఆయన కచేరీపనిని చిన్నచూపు చూడలేదు. ఆర్థికశాఖలో సమర్థుడైన అధికారియని పేరు గాంచెను. అన్నము పెట్టిన పనికి అన్యాయము చేయకుండ, అభిమానించిన పనిని ఆకలికి గురిచేయకుండ పదియేండ్లు నడచుట సామాన్యమైన తపస్సు కాదు. ఆ తపస్సులో అర్ధభాగము లోకసుందరిది. వేకువనే వెడలి రాత్రికిగాని ఇల్లు చేరని భర్తతో సంసారమును నడపినది ఆమెయే.

అంతలో నిర్ణయమునకు సమయము వచ్చెను. న్యాయవాది తారకనాథ్ పాలిత్ ఇచ్చిన విరాళముతో కలకత్తా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర ఆచార్యపీఠమొకటి ఏర్పడెను. ఉపాధ్యక్షుడు సర్ అశుతోష్ ముఖర్జీ దృష్టి రామన్‌పై ప్రసరించెను. ఆ పీఠము నధిష్ఠించువాడు విదేశమున శిక్షణ పొందియుండవలెనని నియమము. అందుకొరకై విదేశమున కేగుటకు రామన్ సమ్మతింపలేదు; ఆ నియమమును సడలించిరి. ఇక మిగిలినది జీతము. ఆచార్యపదవిలో లభించునది ప్రభుత్వోద్యోగపు జీతములో సుమారు సగము మాత్రమే. ముందుముందు ఆర్థికశాఖలో చేకూరగల ఉన్నతపదవులను కూడ వదలుకొనవలెను. ఇరువది యెనిమిదేండ్ల వయసున, 1917 జూలైలో, రామన్ ఆ ఉద్యోగమునకు స్వస్తి చెప్పి ఆచార్యుడయ్యెను.

1907లోనే ఆయన ఉద్యోగమును నిరాకరించియున్నచో నిలుచుటకు చోటు లేక శాస్త్రమును సైతము విడువవలసి వచ్చెడిదేమో! 1917లోను ఉద్యోగమునే అంటిపెట్టుకొనియున్నచో, ఒడ్డు చేరిన పిదపయు పడవ దిగనివాని చందమయ్యెడిది. మొదట జీతము ఆయన స్వాతంత్ర్యమును కాపాడెను. అది స్వాతంత్ర్యమునకు వెలగా మారిన నాడు ఆయన దానిని విడిచెను. రెండు నిర్ణయములును ఒక్క నిష్ఠనుండి పుట్టినవే.

తరువాతి కథ లోకవిదితము. 1921లో ఆయన తొలిసారి ఐరోపాయాత్ర చేసెను. మధ్యధరాసముద్రపు నీలిమ ఆయనను ఆలోచింపజేసెను. నీటిలో కాంతి చెదరు విధమును శోధించుచు, కె.ఎస్. కృష్ణన్ మొదలగు శిష్యులతో శ్రమించి, 1928 ఫిబ్రవరి 28వ తేదీన ఆయన పేర నిలిచిన కాంతిఫలితమును కనుగొనెను. అందుకు వాడిన పరికరముల విలువ కొద్ది వందల రూపాయలే. ఆ పరిశోధన జరిగినది మునుపు కచేరీవేళలకు ముందు వెనుకల ఆయన పనిచేసిన ఆ సంఘములోనే. 1930లో నోబెల్ బహుమానము లభించెను. 1933లో బెంగుళూరు చేరి, 1948లో అచట తన పేరిట పరిశోధనాసంస్థను నెలకొల్పి, 1970 నవంబరు 21వ తేదీన దేహము చాలించెను. ఆయన కోరికమేరకు ఆ సంస్థ ఆవరణలోనే దహనసంస్కారము జరిగెను.

బహుమానము వచ్చుటచేతనే ఆ జీవితము సార్థకమయ్యెనని తలచుట పొరపాటు. పాలిత్ పీఠమునకు పిలుపు రాకున్నను, కాంతిఫలితము గోచరింపకున్నను, ఆ పదియేండ్ల వేకువలు వ్యర్థములయ్యెడివి కావు. పని చేయునపుడే ఆయన ఆనందమును అనుభవించెను. అందరికిని ఆచార్యపీఠములు లభింపవు. కుటుంబభారముచే ఉద్యోగమును విడువజాలనివారు అనేకులు. వారికి సైతము వేకువ కలదు, సాయంకాలము కలదు. బిడ్డకు స్థిరమైన ఉద్యోగము కావలెనని కోరు తల్లిదండ్రులును, తన మనసుకు నచ్చిన పనియే కావలెనని పట్టుపట్టు బిడ్డయు ఆ యింట శత్రువులు కానక్కరలేదు. తల్లిదండ్రులు కోరునది నిలువనీడ. బిడ్డ కోరునది వెలుగు. రామన్ పదియేండ్లు ఆ నీడలో నిలిచియే వెలుగును వెదకెను.