ముసుగు లేనివాడు

పోయిన సెమిస్టర్ డీబీఎంఎస్ పరీక్షకి ముందు రోజు రాత్రి నేను చదవాల్సింది నార్మలైజేషన్. చూసింది మాత్రం 1949లో మొదలైన ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ సీరియల్. పేరు ది లోన్ రేంజర్. చిన్నప్పుడు టీవీలో జానీ డెప్ టోంటోగా వేసిన 2013 సినిమా చూశాను. దాని గురించి ఏదో వెతుకుతుంటే యూట్యూబ్ నన్ను పాత సీరియల్ దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్ష ముందు రోజు యూట్యూబ్ ఏది చూపించినా బాగుంటుంది కదా, మీకు తెలియనిదేముంది.

కౌబాయ్ అంటే మా తాతయ్యకి కృష్ణ గారే. 1971లో వచ్చిన మోసగాళ్లకు మోసగాడు గురించి నిన్న సాయంత్రం చూసొచ్చినట్టు చెప్తారు. మనకి కౌబాయ్‌లు సినిమా హాల్లో పరిచయం. అమెరికాలో మాత్రం ఆ రోజుల్లో కౌబాయ్‌లు ఇంట్లోకే వచ్చేవాళ్లు, వారం వారం, టీవీలో. గన్‌స్మోక్ అనే సీరియల్ 1955 నుంచి 1975 దాకా 20 ఏళ్లు నడిచింది. బొనాంజా 14 ఏళ్లు నడిచింది. వాటన్నిటికంటే ముందు వచ్చింది లోన్ రేంజర్. తెల్ల గుర్రం, కళ్లకి నల్ల ముసుగు, వెండి తూటాలు, వెనకాల రోసినీ సంగీతం. ఆ హీరో పక్కన ఇంకో గుర్రం మీద ఒక ఆదివాసీ. అతనే టోంటో.

టోంటో నోరు తెరవగానే నాకు నవ్వొచ్చింది. ఆ ఇంగ్లీష్‌లో ఆర్టికల్స్ ఉండవు, క్రియలకి కాలం ఉండదు, తన గురించి చెప్పుకునేటప్పుడు ఐ అన్న మాట రాదు. ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. ఇంకో నిమిషంలో ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకో చెప్పాలంటే మా స్కిట్ గురించి చెప్పాలి.

మా ఫ్రెషర్స్ డే స్కిట్‌లో నాకు వాచ్‌మన్ వేషం ఇచ్చారు. కారణం ఒక్కటే, నాది శ్రీకాకుళం. చదువంతా ఇంగ్లీష్ మీడియం కాబట్టి తెలుగు రాస్తే ఒత్తులు ఇప్పటికీ తప్పుతాను. కానీ మాట్లాడితే మాత్రం మా ఇంటి యాస వచ్చేస్తుంది. ఏటి అన్న మాట నేను ఆపుదామన్నా ఆగదు. రిహార్సల్‌లో ఇంకొంచెం సాగదీయమన్నారు, ఇంకొంచెం అమాయకంగా చెప్పమన్నారు. చెప్పాను. ఆడిటోరియం అంతా ఒకటే నవ్వు. నేను కూడా పొంగిపోయి వీడియో ఇంటికి పంపాను. అమ్మ చూసింది. బాగా చేశావంది. తర్వాత, మనం నిజంగా అలాగే మాట్లాడతామా అని అడిగింది. అంతే. ఇంకేం అనలేదు.

అందుకే ఆ రాత్రి వీడియో ఆపి, టోంటో వేషం వేసిన మనిషి ఎవరా అని వెతికాను. నార్మలైజేషన్ సంగతి ఇక అడక్కండి.

ఆయన పేరు జే సిల్వర్‌హీల్స్. అసలు పేరు హెరాల్డ్ జే స్మిత్. 1912 మే 26న కెనడాలోని ఒంటారియోలో, గ్రాండ్ నది ఒడ్డున ఉన్న సిక్స్ నేషన్స్ రిజర్వ్‌లో పుట్టాడు. రిజర్వ్ అంటే మనం అనుకునే రిజర్వేషన్ కాదు. ఆదివాసులకని వదిలిన నేల. అక్కడ ఆరు జాతుల వాళ్లు ఉంటారు కాబట్టి సిక్స్ నేషన్స్. ఈయనది మోహాక్ జాతి. మన క్లాసులో కొందరు చేయించుకున్న హెయిర్ కట్ పేరు ఆ జాతి పేరే. ఆయన తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా సైన్యంలో ఆఫీసర్‌గా చేశాడు.

యాక్టర్ కాకముందు సిల్వర్‌హీల్స్ ఆటగాడు. ఆట లక్రాస్. పొడవాటి కర్ర, దాని చివర వల, ఆ వలతోనే బంతిని పట్టి విసరాలి. ఇది ఆ ఆదివాసుల సొంత ఆట, తెల్లవాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. 1931లో ఐస్ హాకీ స్టేడియంలలో, వేసవిలో ఖాళీగా ఉన్న చోట, బాక్స్ లక్రాస్ అని కొత్త రకం మొదలుపెట్టారు. అప్పుడు టొరంటో టెకమ్సేస్ అనే టీమ్‌కి ఆడాడు. వెండి మడమలు అనే అర్థం వచ్చే సిల్వర్‌హీల్స్ పేరు ఆ ఆట రోజుల్లో వచ్చిందే. బాక్సింగ్ కూడా చేశాడు. 1938లో గోల్డెన్ గ్లవ్స్ పోటీల్లో మిడిల్ వెయిట్‌లో తూర్పు ప్రాంతం ఫైనల్ దాకా వెళ్లాడు. అంటే టోంటోని దెబ్బలు తినేవాడిగా చూసిన పిల్లలకి తెలియదు గానీ, ఆ సెట్‌లో నిజంగా కొట్టడం వచ్చిన మనిషి ఆయనే.

1937లో లక్రాస్ టీమ్‌తో లాస్ ఏంజెలెస్ వెళ్లినప్పుడు జో ఇ. బ్రౌన్ అనే కమెడియన్ ఈయన్ని చూశాడు. సినిమాల్లో ప్రయత్నించమని ప్రోత్సహించాడు. అలా హాలీవుడ్‌లో ఎక్స్‌ట్రాగా, స్టంట్‌మన్‌గా మొదలయ్యాడు. గుర్రం మీంచి పడిపోవడం, గుంపులో ఒకడిగా పరిగెత్తడం, ఇవే వేషాలు. పది పన్నెండేళ్లు అలాగే గడిచాయి. 1948లో కీ లార్గో అనే సినిమాలో హంఫ్రీ బోగార్ట్ లాంటి పెద్ద స్టార్ ఉన్న చోట ఒక చిన్న పాత్ర దొరికింది.

1950లో బ్రోకెన్ యారో వచ్చింది. ఆదివాసులని మనుషుల్లా చూపించిన సినిమా అని దానికి మంచి పేరు. అందులో ఆదివాసీ నాయకుడు కొచీస్ పాత్ర ముఖ్యమైనది. అది వేసింది బ్రూక్లిన్‌లో పుట్టిన తెల్ల నటుడు జెఫ్ చాండ్లర్. ఆ వేషానికి ఆయన ఆస్కార్ నామినేషన్ కూడా అందుకున్నాడు. సిల్వర్‌హీల్స్‌కి దొరికింది జెరోనిమో అనే చిన్న వేషం. ఆదివాసుల గురించి మంచి సినిమా తీసినా పెద్ద వేషం ఆదివాసికి ఇవ్వని రోజులవి.

ఇలాంటి చోట టోంటో వేషం ఎంత పెద్దదో అప్పుడు అర్థమైంది నాకు. లోన్ రేంజర్ 1933లో డెట్రాయిట్‌లో ఒక రేడియో స్టేషన్‌లో పుట్టాడు. రేడియోలో ఒక చిక్కుంది. హీరో ఒంటరివాడైతే తన ప్లాన్ ఎవరికి చెప్తాడు? వినేవాడు ఒకడు కావాలి. అందుకని టోంటోని పెట్టారు. మన భాషలో చెప్పాలంటే రబ్బర్ డక్. కోడ్‌లో తప్పు దొరక్కపోతే టేబుల్ మీద బాతు బొమ్మకి లైన్ లైన్ వివరించమంటారు చూడండి, టోంటో ఉద్యోగం అదే. రేడియోలో ఆ గొంతు జాన్ టాడ్ అనే తెల్ల నటుడిది. ఆ ముక్కల ఇంగ్లీష్ కూడా అక్కడ రాసిందే. ఇంకో విషయం. స్పానిష్‌లో టోంటో అంటే తెలివితక్కువవాడు. స్పానిష్‌లో డబ్బింగ్ చెప్పినప్పుడు ఆ పేరు ఉంచలేక టోరో అని మార్చుకున్నారు.

1949 సెప్టెంబర్ 15న ఏబీసీ చానెల్‌లో సీరియల్ మొదలైంది. ఆ మొదటి కథ చూడండి, సరదాగా ఉంటుంది. ఆరుగురు రేంజర్లు బందిపోట్ల వలలో చిక్కుతారు. ఐదుగురు చచ్చిపోతారు. కొన ఊపిరితో ఉన్న ఆరోవాడిని టోంటో చూస్తాడు, వైద్యం చేసి బతికిస్తాడు. అందరూ చచ్చారని బందిపోట్లు నమ్మేలా ఆరు సమాధులు కనబడేట్టు చేస్తారు. అక్కడి నుంచి ముసుగు, వెండి తూటాలు, హీరోయిజం అంతా మొదలు. అంటే టోంటో లేకపోతే రెండో ఎపిసోడే లేదు. ఆ తర్వాత మాత్రం అతన్ని ఊళ్లోకి వెళ్లి విషయం కనుక్కు రమ్మంటారు, అక్కడ ఎవరో ఒకరు పట్టుకుని కొడతారు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన విషయం. 1952లో ముసుగు వేసుకునే హీరో క్లేటన్ మూర్ మారిపోయాడు. ఆయన స్థానంలో జాన్ హార్ట్ అనే ఇంకో నటుడు 52 ఎపిసోడ్లు చేశాడు. తర్వాత మళ్లీ మూర్ వచ్చాడు. ముసుగు కదా, కింద ఎవరున్నా నడిచిపోతుందని అనుకుని ఉంటారు నిర్మాతలు. కానీ టోంటో మారలేదు. సిల్వర్‌హీల్స్‌కి గుండెపోటు వచ్చి కొన్ని ఎపిసోడ్లకి రాలేకపోయినప్పుడు కూడా ఇంకొకర్ని టోంటోని చెయ్యలేదు. హీరో అన్న కొడుకు పాత్రని పక్కన పెట్టి కథ నడిపించారు. 1957 దాకా 221 ఎపిసోడ్లు. ముసుగు ఉన్నవాడిని మార్చగలిగారు, ముసుగు లేనివాడిని మార్చలేకపోయారు.

దానికి కారణం మళ్లీ చూస్తే తెలిసింది. నేను మొదట డైలాగ్ మాత్రమే విన్నాను. రెండోసారి సౌండ్ తీసేసి చూశాను. నిలబడే తీరు, గుర్రం ఎక్కే తీరు, ఎవరైనా అబద్ధం చెప్తుంటే కళ్లు నిలిపి చూసే తీరు. ఎక్కడా చులకన లేదు. సౌండ్ లేకుండా చూస్తే ఇద్దరిలో హీరో ఎవరో చెప్పడం కష్టం. డైలాగ్ రాసిన కాగితం ఆయన చేతిలో లేదు. కానీ దాన్ని ఎంత గౌరవంగా పలకాలన్నది ఆయన చేతిలోనే ఉంది. మామూలుగా ఆయన చక్కటి ఇంగ్లీష్ మాట్లాడే మనిషి. పద్యాలు కూడా రాశాడు, పుట్టిన రిజర్వ్ జ్ఞాపకాల మీద. వాటిని టీవీలో చదివి వినిపించాడు కూడా.

సీరియల్ అయిపోయాక కథ మన సినిమా వాళ్లలాగే. ఎవరు చూసినా టోంటో అనే పిలిచారు. వేరే వేషాలు పెద్దగా రాలేదు. ఇల్లు గడవడానికి సేల్స్‌మన్‌గా కూడా పనిచేశాడు. జానీ కార్సన్ షోలో ఉద్యోగం వెతుక్కునే టోంటోగా వచ్చి తన మీద తానే జోక్ వేసుకున్నాడు. 1969లో ట్రూ గ్రిట్ సినిమాలో ఉరికంబం ఎక్కే ఖైదీ వేషం వేశాడు, కాసేపే కనిపిస్తాడు.

ఇక్కడితో ఆగిపోతే ఇది ఒక జాలి కథ అయ్యేది. కానీ 1960ల్లో ఆయన లాస్ ఏంజెలెస్‌లోని ఎకో పార్క్‌లో ఇండియన్ యాక్టర్స్ వర్క్‌షాప్ మొదలుపెట్టించాడు. ఇండియన్ అంటే మనం కాదు, ఆదివాసులు. హాలీవుడ్‌లో ఆదివాసీ వేషాలకి రంగు పూసుకున్న తెల్లవాళ్లనే తీసుకునేవాళ్లు. మా దగ్గర నటన వచ్చిన వాళ్లు లేరు అన్న మాట ఇక ఎవరూ అనకుండా, ఆదివాసీ కుర్రాళ్లకి అక్కడ నటన నేర్పారు. నిజం చెప్పాలంటే, ఈ సంగతి తెలిసేదాకా నేను ఆయన మీద తీర్పు రాసేసుకున్నాను. తన వాళ్లని తక్కువ చేసే డైలాగులు ఎనిమిదేళ్లు ఎలా చెప్పాడు అని. ఆయన ఒప్పుకోకపోతే ఏమయ్యేది అని అప్పుడు ఆలోచించాను. కొచీస్ వేషానికి జరిగినట్టే, టోంటో కూడా ఇంకో తెల్ల నటుడికి వెళ్లేది. అదే డైలాగ్, ఆ గౌరవం లేకుండా. ఆ టోంటో పేరు లేకపోతే వర్క్‌షాప్‌ని ఎవరు పట్టించుకునేవారు? అలాగని ఆ ముక్కల ఇంగ్లీష్ సరైనదైపోదు. టోంటో మాటతీరు ఆయనకీ నచ్చేది కాదు. రెండూ నిజమే. నా బుర్ర ఇప్పటికీ ఆ రెండింటి మధ్యే తిరుగుతోంది.

చివరి రోజుల్లో గుర్రాలు పెంచాడు, పందేల్లో కూడా పరిగెత్తించాడు. తెర మీద స్కౌట్ అనే గుర్రం ఎక్కిన మనిషికి ఆ ముచ్చట తీరినట్టుంది. 1979లో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరుతో నక్షత్రం పెట్టారు. సరిగ్గా అదే ఏడాది క్లేటన్ మూర్ బయట ఎక్కడా ఆ ముసుగు వేసుకోకూడదని, లోన్ రేంజర్ హక్కులున్న వాళ్లు కోర్టు ఉత్తర్వు తెచ్చారు. ముసుగు కంపెనీది, కాబట్టి తీసేసుకున్నారు. సిల్వర్‌హీల్స్ ముఖం ఆయనదే, దాన్ని తీసుకోవడానికి ఎవరికీ హక్కుల్లేవు. 1980 మార్చి 5న 67 ఏళ్ల వయసులో చనిపోయాడు. అస్థికలని తిరిగి సిక్స్ నేషన్స్‌కే తీసుకెళ్లారు. 1997లో కెనడా లక్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు. అక్కడ ఆయన టోంటో కాదు, వేగంగా పరిగెత్తిన ఆటగాడు.

డీబీఎంఎస్ ఎలాగో గట్టెక్కాను. వచ్చే నెల మళ్లీ ఫ్రెషర్స్ డే. వాచ్‌మన్ వేషం ఈసారి కూడా నాకే అన్నారు. సరే అన్నాను, కానీ స్క్రిప్ట్ నేనే రాస్తానని అడిగి తీసుకున్నాను. యాస ఉంటుంది, సాగదీయడం ఉండదు. వాచ్‌మన్ మా ఊళ్లో మనుషులు మాట్లాడినట్టు మాట్లాడతాడు. జనం నవ్వాలి, కానీ అతను చెప్పిన విషయానికి నవ్వాలి. ఇప్పటికి ఒకటిన్నర పేజీ అయింది. ఇంతవరకు ఒక్క చోట కూడా నవ్వు రావట్లేదు, అదొక్కటే సమస్య. ఒత్తులు దిద్దే ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే హాస్టల్‌కి రండి. దిద్దడం అయ్యాక ముందు అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాలి.