మెకానో సృష్టికర్త ఫ్రాంక్ హార్న్‌బీ

ఫ్రాంక్ హార్న్‌బీ 1863 మే 15న ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో జన్మించాడు. పదహారవ ఏట చదువు మానివేశాడు. మాంసం దిగుమతి చేసే ఒక వ్యాపారి వద్ద గుమాస్తాగా పనిచేశాడు. ఇంజనీరింగు విద్య నేర్వకపోయినా అతనికి యంత్రాలపై మక్కువ మెండు.

తన ఇద్దరు కుమారుల కోసం అతడు లోహపు రేకులు కత్తిరించి వంతెనలు, క్రేన్ల నమూనాలు తయారుచేసేవాడు. కాని ఒక నమూనాకు చేసిన భాగం మరొక దానికి పనికివచ్చేది కాదు. ఈ చిక్కును తొలగించడానికి అర అంగుళం వెడల్పు గల పట్టీలకు అర అంగుళం దూరాన ఒక్కొక్కటిగా రంధ్రాలు చేశాడు. రంధ్రాల మధ్య దూరం సమానం కావడంతో ఏ పట్టీనైనా దేనితోనైనా బిగించవచ్చు. నేటి వంతెనను విప్పి, అవే పట్టీలతో పిల్లలు రేపు క్రేను నిర్మించవచ్చు.

పేటెంటు రుసుము చెల్లించడానికి సొమ్ము లేక యజమాని వద్ద 5 పౌండ్లు అప్పు తీసుకున్నాడు. 1901లో పేటెంటు లభించింది. యజమానే వ్యాపారంలో భాగస్వామి అయ్యాడు. 1907లో ఈ ఆటవస్తువుకు ‘మెకానో’ అనే పేరు నమోదైంది. 1914లో లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డులో కర్మాగారం వెలసింది. 1931లో పార్లమెంటు సభ్యుడుగా ఎన్నికైన హార్న్‌బీ 1936 సెప్టెంబరు 21న మరణించాడు. బొమ్మను స్వయంగా నిర్మించుకొనే ఆనందాన్ని పిల్లలకు పంచిన తండ్రిగా అతడు చిరస్మరణీయుడు.