తక్కువ ధరకి వేరే బండి దొరుకుతున్నా థార్ వైపే చూపు ఎందుకు? నూజివీడు తోటల దారిలో కేసీ మహీంద్రా కథ

నూజివీడు నుంచి చాట్రాయి వైపో, ఆగిరిపల్లి వైపో తారు రోడ్డు దిగి మామిడి తోటల్లోకి మళ్లితే బండి సత్తా ఏంటో పది నిమిషాల్లో తేలిపోతుంది. ఎర్రమట్టి డొంకలు, అడ్డంగా వాగులు, వాన పడితే చక్రం దిగబడే గుంటలు. ఏడాదిలో తొమ్మిది నెలలు ఎలా గడిచినా, ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాయ కోసే రోజుల్లో మాత్రం బండి మొరాయించకూడదు. బంగినపల్లి అయినా, చిన్న రసం అయినా చెట్టు మీద మనకోసం ఆగదు. కోసిన కాయ నున్న మార్కెట్‌కి వేళకి చేరాలి. కూలీలు తోటలో కూర్చుని ఉంటే, బండి మెకానిక్ దగ్గర ఉంటే ఆ రోజు లెక్క రైతుకే తెలుసు.

అందుకే ఫోర్ బై ఫోర్ బండి కొనేటప్పుడు ఇక్కడి రైతు షోరూమ్ ధర ఒక్కటే చూడడు. ఆ ధరలో మిగిలే లక్షా రెండు లక్షలు సీజన్‌లో బండి ఆగిపోతే ఎన్ని రోజుల్లో కరిగిపోతాయో కూడా లెక్కేసుకుంటాడు. మారుతీ జిమ్నీ 2023లో మార్కెట్‌లోకి వచ్చి, ఆ ఏడాది చివరికే భారీ తగ్గింపులు ప్రకటించింది. అయినా నెలవారీ అమ్మకాల్లో మహీంద్రా థార్‌కి దరిదాపుల్లోకి రాలేకపోయింది. డీజిల్ ఇంజిన్, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న థార్‌కి లక్షలు ఎక్కువ పెట్టి మరీ కొంటున్నారు. ఎందుకు?

జవాబు కోసం 80 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఈ దేశానికి జీపుని అలవాటు చేసిన ఓ పెద్దమనిషి కథ అది. ఆయన పేరు కైలాష్ చంద్ర మహీంద్రా. అందరికీ కేసీ మహీంద్రాగానే తెలుసు. థార్ అనే పేరు పుట్టడానికి దాదాపు అర్ధ శతాబ్దం ముందే, 1963లో కన్నుమూశారు.

లూధియానా టు కేంబ్రిడ్జ్..

కేసీ 1894లో పంజాబ్‌లోని లూధియానాలో పుట్టారు. తొమ్మిది మంది సంతానం. తండ్రి చిన్నప్పుడే పోవడంతో ఇంటి బరువంతా పెద్దన్న జగదీశ్ చంద్ర, అంటే జేసీ మీద పడింది. తమ్ముళ్లు, చెల్లెళ్ల చదువులు ఆగకూడదని పట్టుబట్టింది ఆయనే. లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో చదివిన కేసీ ఆ తర్వాత కేంబ్రిడ్జ్ వెళ్లారు. చదువుతో పాటు హాకీ ఆడేవారు, పడవ పందేల్లోనూ దిగేవారు.

తిరిగొచ్చాక కలకత్తాలో మార్టిన్ కంపెనీలో చేరారు. విక్టోరియా మెమోరియల్ కట్టిన సంస్థ అది. దాన్ని నడిపిన సర్ రాజేంద్రనాథ్ ముఖర్జీ జీవిత చరిత్రని కేసీనే పుస్తకంగా రాశారు. హిందుస్థాన్ రివ్యూ పత్రికకి సంపాదకత్వం కూడా వహించారు. బండ్లు అమ్మిన మనిషి పత్రికా రచయిత కూడా అన్న సంగతి ఇప్పుడు థార్ నడిపేవాళ్లలో చాలామందికి తెలియదు.

అన్న జేసీది ఉక్కు దారి. టాటా స్టీల్‌లో అమ్మకాలు చూసిన ఆయన్ని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ప్రభుత్వం దేశానికి తొలి స్టీల్ కంట్రోలర్‌గా పెట్టుకుంది. తమ్ముణ్ని 1942లో అమెరికా పంపింది. వాషింగ్టన్‌లో ఇండియా సప్లై మిషన్‌కి అధిపతిగా, యుద్ధానికి కావాల్సిన సరుకు ఇక్కడికి చేరేలా చూడటం ఆయన పని.

కథ మలుపు తిరిగింది అక్కడే.

బార్నీ రూస్‌తో పరిచయం

ఆ రోజుల్లో యుద్ధరంగంలో ఎక్కడ చూసినా జీపే. అమెరికా సైన్యం 1940లో తేలికపాటి నాలుగు చక్రాల డ్రైవ్ బండి కావాలని కంపెనీలని అడిగితే చివరికి బరిలో మిగిలినవి మూడు: బాంటమ్, విల్లీస్, ఫోర్డ్. విల్లీస్ బండి మొదట బరువు ఎక్కువైంది. కానీ దాని ఇంజిన్ 60 హార్స్ పవర్. మిగతా రెండూ ఆ బలానికి సరితూగలేదు. విల్లీస్ చీఫ్ ఇంజినీర్ బార్నీ రూస్ ఇంజిన్ జోలికి వెళ్లకుండా, మిగతా బండిలోనే బరువు తగ్గించి సైన్యం పెట్టిన హద్దులోకి తెచ్చారు. ఆ ఇంజిన్‌తోనే విల్లీస్ గెలిచింది. మన దగ్గర ఈ రోజుకీ బండి కొనేవాడు ముందు లాగుడు ఎంత అని అడగడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే.

అమెరికాలో ఉండగా కేసీ ఈ బార్నీ రూస్‌ని కలిశారని మహీంద్రా కంపెనీ చెప్పుకునే చరిత్ర. యుద్ధం అయ్యాక ఈ బండి రైతుకీ పనికొస్తుందని చాలా దేశాల్లో చాలామందికి తట్టింది. వేల్స్‌లో తన పొలంలో పాత విల్లీస్ జీపు వాడుకుంటున్న మారిస్ విల్క్స్ దాన్ని చూసే 1948లో ల్యాండ్ రోవర్‌ తెచ్చారు. రోడ్లు లేని ఊళ్లే ఎక్కువగా ఉన్న మన దేశానికి అది ఇంకెంత పనికొస్తుందో కేసీ ముందే పసిగట్టారు.

మహీంద్రా అండ్ మహమ్మద్!

1945 అక్టోబర్ 2న అన్నదమ్ములిద్దరూ మాలిక్ గులాం మహ్మద్‌తో కలిసి కంపెనీ పెట్టారు. పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. మొదట చేసింది ఉక్కు వ్యాపారం. ఈ గులాం మహ్మద్ మనకి మరీ పరాయివాడేం కాదు, హైదరాబాద్ నిజాం ప్రభుత్వంలో ఆర్థిక శాఖ చూసిన మనిషి. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్లిపోయి అక్కడ తొలి ఆర్థిక మంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. అప్పటికే ఎం అండ్ ఎం అని అచ్చేయించిన కాగితాలు వృథా కాకూడదనే రెండో అక్షరం అలాగే ఉంచారని ఓ కథ కూడా ప్రచారంలో ఉంది.

1947లో విల్లీస్ జీపుల విడిభాగాలు పెట్టెల్లో దిగాయి. బొంబాయి మజగావ్‌లో వాటిని బిగించి అమ్మడం మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఓ విషయం జరిగింది. 1948లో సైన్యం కోసం విదేశం నుంచి పాత జీపులకి మరమ్మతు చేసి పంపే ఒప్పందం కుదిరింది. డబ్బులో చాలా భాగం ముందే కట్టేశారు. చివరికి వచ్చినవి 155, అవీ వాడకానికి పనికిరాని స్థితిలో. స్వతంత్ర భారతంలో తొలి కుంభకోణంగా జనం నోళ్లలో నానింది అదే.

1951లో గుండెపోటుతో అన్న జేసీ పోయారు. అప్పట్నుంచి భారమంతా కేసీ మీదే. విడిభాగాలు బిగించడంతో ఆగకుండా ఇక్కడే తయారు చేసే స్థాయికి కంపెనీని ఆయనే తెచ్చారు. బొగ్గు గనుల మీద 1946లో ప్రభుత్వం వేసిన కమిటీకి అధ్యక్షుడు ఆయనే. రిజర్వ్ బ్యాంక్ బోర్డులో ఉన్నారు. ఆయన పేరు మీద 1953లో మొదలైన ఎడ్యుకేషన్ ట్రస్ట్ ఇప్పటికీ పిల్లల చదువులకి సాయం చేస్తోంది.

ఊరికి జీపు ఎలా వచ్చిందంటే..

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ కాలంలో కొనేవాడికి పెద్దగా ఛాయిస్ లేదు. లైసెన్సుల రాజ్యం, దిగుమతుల మీద ఆంక్షలు. 1952లో సమితి అభివృద్ధి పథకం మొదలయ్యాక బీడీఓ ఆఫీసు ముందు జీపు ఉండటం మామూలైంది. పోలీసులది జీపే, ఎన్నికల ప్రచారానికీ జీపే. సినిమాలో ఇన్‌స్పెక్టర్ దిగేదీ జీపులోంచే. జనం జీపుని ఎంచుకోవడం కంటే ముందే జీపు జనానికి అలవాటైపోయింది.

కానీ ఆ అలవాటు నిలబడటానికి వేరే కారణం ఉంది. 1963లో అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్‌తో కలిసి మహీంద్రా ట్రాక్టర్ల కంపెనీ పెట్టింది. కేసీ పోయిన ఏడాదే అది. 1970ల్లో పెట్రోలు రేట్లు మండిపోయాక ఆ ట్రాక్టర్ కుటుంబపు డీజిల్ ఇంజిన్నే జీపుకి పెట్టారు. 1979 తర్వాత ప్యూజో డీజిల్ ఇంజిన్ వచ్చింది. ఇంకేముంది, ట్రాక్టర్ బాగుచేసే మెకానిక్కే జీపునీ విప్పి బిగించేవాడు. రేకు వంగితే ఊళ్లో వెల్డింగ్ షాపులో సరిచేయించుకునేవాళ్లు. 1985లో మారుతీ జిప్సీ వచ్చి సైన్యాన్ని ఆకట్టుకుంది. తేలిక బండి, మంచి బండి. కానీ పెట్రోలుది కావడంతో పల్లెల్లో పాగా వేయలేకపోయింది.

2023లో జిమ్నీకీ దాదాపు అదే జరిగింది. అది తక్కువ బండి అనుకుంటే పొరపాటు. అన్ని వేరియంట్లలోనూ నాలుగు చక్రాల డ్రైవ్ ఉంది. గురుగ్రామ్‌లో తయారయ్యే ఇదే అయిదు డోర్ల జిమ్నీకి 2025 మొదట్లో జపాన్‌లో నాలుగు రోజుల్లో 50 వేల బుకింగ్‌లు వస్తే సుజుకీ బుకింగ్‌లే ఆపేయాల్సి వచ్చింది. వెడల్పు తక్కువ కాబట్టి కొమ్మలు కిందికి వాలిన మామిడి సాళ్ల మధ్యకి థార్ కంటే జిమ్నీయే సులువుగా దూరుతుంది కూడా. కానీ దాంట్లో డీజిల్ లేదు. ఇరుకు, నలుగురికే సీటు. ఎదురుగా నిలబడితే థార్ అంత దర్పం కనిపించదు. బండి అంటే ఊళ్లో పరువు కూడా అనుకునేవాడికి అదో లోటే.

ఇక రీసేల్. మామిడి రైతుకి ఇది చిన్న విషయం కాదు. పూత నిలిస్తే పంట, నల్ల తామర పురుగు పడితే అప్పు. ఏడాదికొక్కసారి వచ్చే డబ్బు మీద ఈఎంఐ కట్టేవాడు, అవసరమైతే రేపు అమ్ముకుంటే ఎంత వస్తుందని ఇవాళే చూస్తాడు. పాత జీపుకైనా కొనేవాడు దొరుకుతాడన్న నమ్మకం మూడు తరాలది. కొత్తగా వచ్చిన బండికి, అది ఎంత బాగున్నా, ఆ నమ్మకం ఒక్క డిస్కౌంట్‌తో రాదు.

అయితే థార్ కొన్న ప్రతి ఒక్కరూ తెలిసి కొన్నారని చెప్పలేం. 2020 అక్టోబర్ 2న, కంపెనీ పుట్టిన రోజునే, కొత్త థార్ మార్కెట్‌లోకి వచ్చింది. 2023 జనవరిలో 10 లక్షల లోపు ధరతో వెనక చక్రాల డ్రైవ్ మోడల్ దిగింది. చూడటానికి రెండూ ఒకటే. ఈ మధ్య రోడ్ల మీద కనిపించే థార్లలో అవి కూడా చాలానే ఉన్నాయి. ఎండాకాలం గట్టి ఎర్రనేల మీద అది చాలు. కాయ కోత అయిపోయి వానలు పడ్డాక, దున్నకాలకి తోటలోకి వెళ్లినప్పుడో, వాగు దాటాల్సొచ్చినప్పుడో తేడా తెలుస్తుంది. తోట కోసమే కొనేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు డోర్ తీసి, గేర్ రాడ్ పక్కన రెండో లివర్ ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది.